గరిక మొలవని చోట గట్టు తగాదా

భూగోళశాస్త్రం అంటే రాజధానుల పేర్లు, నదుల పొడవులు బట్టీ పట్టడమే అని హైస్కూల్లోనే మనకొక అభిప్రాయం ఏర్పడిపోయింది. సైన్సు గ్రూపులో చేరగానే ఆ పుస్తకాన్ని అటకెక్కించాం. కాని ఒక్క చిన్న ద్వీపాన్ని పట్టుకుని చూస్తే లెక్కలు, భౌతికశాస్త్రం, న్యాయశాస్త్రం, ఆఖరికి మన పల్లెల గట్టు తగాదాలు కూడా అందులోనే కనిపిస్తాయి. ఆ ద్వీపం పేరు హాన్స్.

మిత్రులారా, అట్లాసులో ఉత్తర ధ్రువం పటం తీయండి. గ్రీన్లాండుకీ, కెనడాకు చెందిన ఎల్స్‌మీర్ ద్వీపానికీ మధ్య సన్నటి జలసంధి కనిపిస్తుంది. దాని పేరు నేర్స్ జలసంధి. అందులో కెన్నెడీ ఛానెల్ అనే భాగం సుమారు 35 కిలోమీటర్ల వెడల్పు. ఆ నీళ్ల నట్టనడుమ నిలబడ్డ సున్నపురాతి బండే హాన్స్ ద్వీపం. వైశాల్యం సుమారు 1.3 చదరపు కిలోమీటర్లు. రైతు లెక్కలో చెబితే 320 ఎకరాలు. ఎత్తు 168 మీటర్లు. చెట్టు లేదు, కాపురముండే మనిషి లేడు. ఇన్యూట్ ప్రజలు దీన్ని టార్టుపాలుక్ అంటారు. మూత్రపిండం ఆకారంలో ఉంటుంది గనుక ఆ పేరు. హాన్స్ అన్న పేరు మాత్రం ఏ రాజుదో, నావికాధిపతిదో కాదు. 1853 మొదలు 1876 దాకా అమెరికా, బ్రిటన్ అన్వేషకుల వెంట వేటగాడుగా, దారి చూపే మనిషిగా తిరిగిన హాన్స్ హెండ్రిక్ అనే గ్రీన్లాండు ఇన్యూట్‌ది.

ఇక చిన్న లెక్క. ద్వీపం ఉన్నది సుమారు 80.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. 90 లోంచి తీసేస్తే 9.2. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ధ్రువం అక్కడికి దాదాపు 1,020 కిలోమీటర్లు. అదే 9.2 ఇంకో సంగతి కూడా చెబుతుంది. సూర్యుడు భూమధ్యరేఖకు ఉత్తరంగా 9.2 డిగ్రీలు దాటితే ఆ ద్వీపం మీద అస్తమించడు; దక్షిణంగా అంతే దాటితే ఉదయించడు. ఆ ప్రకారం ఏప్రిల్ మధ్య నుంచి ఆగస్టు చివరిదాకా ఒకటే పగలు. అక్టోబరు మూడోవారం నుంచి ఫిబ్రవరి చివరివారం దాకా సూర్యుడే కనపడడు. మనవాళ్లు రబీకి దుక్కి దున్ని పంట చేతికి తెచ్చుకునే కాలమంతా అక్కడ చీకటే.

ఉత్తరాన లింకన్ సముద్రం నుంచి ఏళ్ల తరబడి కరగని మంచు పలకలు ఈ జలసంధిలోకి కొట్టుకొచ్చి ద్వీపాన్ని ఢీకొంటాయి. 1980, 1981, 1983 సంవత్సరాల్లో డోమ్ పెట్రోలియం అనే కెనడా కంపెనీ తరఫున పరిశోధకులు ఇక్కడే ఆ దెబ్బను కొలిచారు. మంచు సముద్రంలో చమురు బావుల కట్టడాలు ఎంత గట్టిగా ఉండాలో తేల్చడానికన్నమాట. అంత పెద్ద పలకను తూచే త్రాసు ఎక్కడుంది? పలక పొడవు, వెడల్పు, మందం కొలిచి ద్రవ్యరాశి కట్టారు. బండకు తగిలాక దాని వేగం ఎంత త్వరగా తగ్గిందో చూశారు. ద్రవ్యరాశిని ఋణత్వరణంతో గుణిస్తే బలం. మనం మొదటి సంవత్సరంలో చదివిన న్యూటన్ రెండో సూత్రమే!

ఇంతకీ తగాదా ఏమిటంటే, సముద్ర న్యాయం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్ల దాకా నీళ్లు ఆ దేశానివే. ద్వీపం నుంచి చూస్తే రెండు తీరాలూ ఇంచుమించు 18 కిలోమీటర్లే. అటు కెనడా, ఇటు గ్రీన్లాండు తరఫున డెన్మార్క్, ఎవరు కొలిచినా బండ తమ వైపే వస్తుంది! 1973లో రెండు దేశాలూ సముద్రగర్భానికి హద్దు గీసుకున్నాయి. గీత ద్వీపం ఒక ఒడ్డుకు వచ్చి ఆగి, అవతలి ఒడ్డున మళ్లీ మొదలైంది. బండ ఎవరిదన్న మాట తేలలేదు. 1984లో డెన్మార్క్ మంత్రి టామ్ హోయెమ్ హెలికాప్టరులో దిగి జెండా పాతి, ఒక మద్యం సీసా పెట్టి వచ్చాడు. కెనడావాళ్లు తమ జెండా, తమ విస్కీ పెట్టేవాళ్లు. పత్రికలు దీనికి ‘విస్కీ యుద్ధం’ అని పేరు పెట్టి నవ్వుకున్నాయి.

నాకు మాత్రం అంత నవ్వు రాలేదు. మాది వ్యవసాయ కుటుంబం. పక్క చేనుతో మూడడుగుల గట్టు మీద వచ్చిన వ్యాజ్యం నా అయిదో తరగతిలో మొదలై ఇంటర్ దాకా నడిచింది. వాయిదాలకు తిరిగిన డబ్బుతో ఆ గట్టును పదిసార్లు కొనొచ్చని అమ్మ అనేది. “ఇవాళ గట్టు వదిలితే రేపు చేను అడుగుతారు” అనేవాడు నాన్న. ఒట్టావాలోనూ కోపెన్‌హాగెన్‌లోనూ కూర్చున్న పెద్దల మనసులో ఉన్నది కూడా ఆ మాటే అయివుంటుంది. పక్క చేనాయన్ని నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆ పిలుపు అప్పుడాగింది, తీర్పు వచ్చాక కూడా తిరిగి రాలేదు. హద్దు రాయి పడిందిగాని, దానికయిన ఖర్చు ఏ రసీదులోనూ లేదు.

2022 జూన్ 14న ఒట్టావాలో హాన్స్ ద్వీపం తగాదా తెగింది. గ్రీన్లాండు ప్రధాని కూడా ఆ సభలో ఉన్నారు. ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తి అప్పటికి నాలుగు నెలలు కాలేదు; హద్దుల తగాదా మాటలతోనూ తీరుతుందని లోకానికి చూపుతున్నామని మంత్రులు చెప్పుకున్నారు. మరి గీత ఎక్కడ గీశారు? బండ మీద ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా ప్రకృతే చీల్చిన నెర్రె ఒకటి ఉంది. దాన్నే హద్దుగా తీసుకున్నారు. సగం సగం రాలేదు. పెద్ద ముక్క గ్రీన్లాండుకు పోయింది. అయినా ఎవరూ పేచీ పెట్టలేదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకోటి. రెండు జాతీయ జెండాలు అక్కడికి రాక ముందునుంచీ మంచు మీద నడిచి అక్కడికి వేటకు వెళ్లేది ఇన్యూట్‌లు. హద్దు పడినా వాళ్ల రాకపోకలకు, వేటకు అడ్డు ఉండకూడదని ఆ ఒప్పందంలో రాసుకున్నారు. మన ఊళ్లలో చేలెన్ని చేతులు మారినా అందరూ నడిచే డొంకను వదిలిపెట్టినట్టు. గట్టు ఎక్కడ వేయాలో సర్వేయరు గొలుసు చెబుతుంది. డొంక వదలాలన్న సంగతి మాత్రం ఇరుగుపొరుగు కూర్చుని మాట్లాడుకుంటేనే తేలుతుంది.