అమెరికా కుండలు – నీటిరంగుల బొమ్మలు



పోయిన దసరా సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి మా అవ్వ అంబలి కుండ పగిలిపోయి ఉంది. చిన్నప్పటి నుంచి ఆ కుండలోని అంబలి తాగే పెరిగాను. తీరా దాని బొమ్మ వేద్దామని కూర్చుంటే మెడ ఎంత పొడవో, అంచు ఎలా తిరిగి ఉండేదో గుర్తుకే రాలేదు. అందుకే నేను చదివి తెలుసుకున్న ఒక సంగతి మీకు చెబుతున్నాను.

1929 తరువాత అమెరికాలో పెద్ద ఆర్థిక మాంద్యం వచ్చింది. కోటిమందికి పైగా పని పోయింది. చిత్రకారులకూ పని లేదు. 1935లో అక్కడి ప్రభుత్వం వాళ్ళకు జీతమిచ్చి ఒక పని అప్పగించింది. దాని పేరు ‘ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్’. మామూలు జనం వాడుకున్న జాడీలు, పళ్ళాలు, దుప్పట్లు, ఆటబొమ్మలు చూసి ఉన్నది ఉన్నట్టు నీటిరంగులతో వేయాలి. 1942 వరకు సుమారు 18,000 బొమ్మలు వేశారు. ఇప్పుడవి వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నాయి.

వాటిలో మట్టి పాత్రలు చాలా ఉన్నాయి. ముఖ్యంగా రెండు రకాలు చెబుతాను.

1. ఉప్పు మెరుపు జాడీలు: బట్టీ బాగా కాగినప్పుడు లోపలికి ఉప్పు చల్లుతారు. అది ఆవిరై జాడీకి పట్టి గాజులాగా మెరుస్తుంది. పైన కోబాల్ట్ నీలంతో పిట్టలు, పువ్వులు వేసేవాళ్ళు.

2. పెన్సిల్వేనియా జర్మన్ల పళ్ళాలు: ఎర్రమట్టి పళ్ళెం మీద తెల్లమట్టి నీళ్ళు పూసి, ఆరాక పుల్లతో గీకుతారు. గీకినచోట ఎరుపు బయటపడి పువ్వు కనిపిస్తుంది.

ఫోటో తీస్తే సరిపోదా అంటారేమో! ఆ రోజుల్లో కలర్ ఫోటోలు అంత నమ్మకంగా ఉండేవి కావు. అందుకే ముందు పెన్సిల్‌తో సన్నగా గీసి, పలుచని రంగు పూత మీద పూత వేసేవాళ్ళు. పాత్ర అంచు విరిగి ఉంటే ఆ విరుపు కూడా వేసేవాళ్ళు. అది చూస్తే పాత్ర ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది.

ఈ పని మొదలుపెట్టినవారిలో రూత్ రీవ్స్ అనే ఆమె ఒకరు. ఆమె 1956లో మన దేశం వచ్చి, మైనం అచ్చుతో లోహపు బొమ్మలు పోతపోసే పనిని శ్రద్ధగా పరిశీలించి పుస్తకం రాశారు. ఆదిలాబాద్ వైపు ఓజాలు చేసే ఇత్తడి బొమ్మలు కూడా ఆ పద్ధతివే. ఆమె 1966లో ఢిల్లీలోనే చనిపోయారు.

మా అవ్వ కుండ పోయింది గానీ అవ్వ ఉంది. సంక్రాంతికి వెళ్ళి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, అడిగి అడిగి గీస్తాను. మీరూ మీ ఇంట్లో ఒక వస్తువు, అది పగలకముందే, చూసి గీసుకు రండి. దాన్ని ఎవరు చేశారో కింద రాయండి. వార్డెన్ సారు ఒప్పుకుంటే వచ్చే గోడపత్రిక నిండా అవే అంటిద్దాం.