వైండింగ్ షాపుకు వెళ్ళే ముందు



మీ నాయన ఫోన్ చేశాడు. గిద్దలూరులో మోటారు వైండింగ్ షాపాయన నిన్ను పూర్తిగా పనిలోకి వచ్చేయమంటున్నాడనీ, రోజుకూలీ ఇస్తానన్నాడనీ, నీ మనసూ అటే లాగుతోందనీ చెప్పాడు. నీ ఇంటర్ ఒకేషనల్ కాలేజీ వాళ్ళేమో అదే షాపుకు ఆన్ ది జాబ్ ట్రైనింగ్ కింద పంపుతామంటున్నారట. షాపు ఒకటే, పనీ ఒకటే, కాలేజీ మానేస్తే నాలుగు డబ్బులు ఎక్కువ కదా అన్నది నీ లెక్క. అందులో నువ్వు కలపనివి కొన్ని ఉన్నాయి.

పని వద్దని నేననను. చేతికి గ్రీజు అంటకుండా ఎలక్ట్రికల్ టెక్నీషియన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే దాన్ని ఎవరు నమ్ముతారు? మన పడమటి పల్లెల్లో బోర్లు వందల అడుగుల లోతు. మిరప వాడిపోతుంటే కాలిన మోటారును ఆటోలో వేసుకొచ్చి, రాత్రికి రాత్రే కట్టించి పొమ్మనే రైతు బాధ నీకు నేను చెప్పాలా? వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు పారినా ఈ పనికి కొదవ రాదు. మోటారు విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టడం, తీగ గేజి కొలవడం, ఏ స్లాటులోంచి ఏ స్లాటులోకి పోయిందో పుస్తకంలో దించుకోవడం, కట్టాక మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడడం షాపులోనే వస్తాయి. కానీ అన్ని చుట్లే ఎందుకు, ఆ గేజే ఎందుకు అని అడిగితే గిరాకీ మీద ఉన్న మేస్త్రీకి చెప్పే తీరిక ఉండదు. అది క్లాసులో ఉంటుంది. రెండూ ఒకే ఏడు నేర్చుకునే వీలు నీకు దొరికింది, నాకు దొరకలేదు.

చదువు వదిలి పనికే పోతే ఏమవుతుందో చెప్పే మార్కాపురం పలకల సంగతి నీకు పూర్తిగా తెలియదు. రాయి పొరలు విడదీసి, కోసి, నునుపు పట్టి, రంగు పూసి, చెక్క చట్రం బిగించే కార్ఖానాల్లో నీకన్నా చిన్నవాళ్ళు చాలామంది కూలి చేశారు. 1988లో కేంద్రం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న తొలి చోట్లలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మన జగ్గంపేట పెంకులతో పాటు మార్కాపురం పలకలూ ఉన్నాయి. ఊరికి అలా పేరు రావడం గొప్పేమీ కాదు. పనిలోంచి తప్పించిన పిల్లలకు ప్రత్యేక బడులు పెట్టారు. ఆ ప్రాజెక్టును 2021లో సమగ్ర శిక్షలో కలిపేశారు. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో దిగితే వచ్చే జబ్బును నయం చేసే మందు ఇప్పటికీ లేదు. ఇక నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతి పలక గిరాకీ పడిపోయాక, చట్రం బిగించడం తప్ప ఇంకేమీ చూపించలేని వాళ్ళు ఎక్కడికి పోతారు? హైదరాబాదుకో బెంగళూరుకో బేల్దారి పనికి. చేతిలో పనితనం లేక కాదు, అది ఉందని చెప్పే కాగితం లేక.

బడి బయట ఉన్న ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే అని శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పట్టుబట్టింది. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. పద్నాలుగేళ్ళ దాకా ఆ మాట అక్షరాలా ఒప్పుకుంటాను. నీ వయసుకు వచ్చేసరికి కొంత సడలిస్తాను, చదువు వదలనంతవరకు.

జర్మనీలో పనీ చదువూ కలిపి నేర్పే వృత్తి శిక్షణలో చేరిన పిల్లలు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు వృత్తి బడిలో ఉంటారు. జీతం కంపెనీదే. చివరి పరీక్ష మాత్రం కంపెనీ చేతిలో ఉండదు, వాణిజ్య మండలి పెడుతుంది. నాకు అందులో నచ్చింది అదే. పని చేయించుకునేవాడే నీ పనితనానికి సాక్షి కూడా అయితే, నువ్వు షాపు మారిన రోజున నీకు సాక్షి ఉండడు. కాలేజీ ద్వారా వెళితే లెక్చరరు వచ్చి అడుగుతాడు, ఏం నేర్చుకున్నావో రికార్డులో ఎక్కుతుంది. నీ అంతట నువ్వు వెళితే టీ తెచ్చినా, మోటార్లు ఆటోలోకి ఎత్తినా అడిగేవాడు లేడు.

చట్టం సంగతీ తెలుసుకో. పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండని వాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని 1986 బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. మిగతా పనుల్లోనూ విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలే. మూడు గంటలకు మించి ఏకబిగిన చేయించకూడదు. రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా పనే వద్దు, ఓవర్‌టైమ్ వద్దు, వారానికొక రోజు సెలవు. మోటార్లకేమో రాత్రీ పగలూ లేవు. కాబట్టి షాపాయన ఉండమంటాడు, మొహమాటపడతావు. పడకు. కరెంటు స్తంభం ఎక్కమన్నా ఎక్కకు, ఆయన ఎంత మంచివాడైనా సరే.

డబ్బు మాట దాచను. మీ ఇంట్లో అవసరం నాకు తెలుసు. ఇంటర్ ఒకేషనల్ పాసైతే 1961 అప్రెంటిస్ చట్టం కింద ఏడాది పాటు స్టైపెండుతో పని నేర్చుకోవచ్చు. 2019లో సవరించిన నిబంధనలు దానికి నెలకు కనీసం 7,000 రూపాయలు పెట్టాయి. అయితే నలుగురు కూడా లేని వైండింగ్ షాపు ఆ చట్టం కిందికి రాదు, అందుకు పెద్ద సంస్థే వెతుక్కోవాలి. అంటే ఇప్పుడు మానేస్తే పోయేది ఈ ఏడాది కూలి కన్నా ఎక్కువ. ఆలోపు శిక్షణకు వెళ్ళే రోజులకు షాపాయన ఎంతో కొంత ఇవ్వాలని మీ నాయన, ప్రిన్సిపాల్ గారు కలిసి అడగనీ. పనిచేసే చేతికి పైసా ఇవ్వకుండా నేర్పుతున్నామనడం నాకు సరిగా తోచదు.

వచ్చే సోమవారం కాలేజీకి వెళ్ళు. షాపు పేరు, వేళలు, నేర్పే పనులు, ఇచ్చే డబ్బు, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిదో రాయించి, ప్రిన్సిపాల్, షాపాయన, మీ నాయన ముగ్గురి సంతకాలు పెట్టించు. ఒక నకలు నాకు పంపు. ఆయన సంతకం పెట్టనంటే ఇంకో షాపు చూసుకో, మార్కాపురంలో నేను మాట్లాడి పెడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న