పల్లీ పడని పాపను అమ్మమ్మ ఇంటికి పంపొచ్చా?

ప్రశ్న: మా నాలుగేళ్ల పాపకు పల్లీలు పడవు. ఓసారి చట్నీ నాకితేనే పెదాలు వాచి ఆయాసపడింది. సెలవులకు అమ్మమ్మ దగ్గరికి పంపొచ్చా?

జవాబు: పంపండి. కానీ అక్కడ అడ్రినలిన్ ఇంజెక్షన్‌తోపాటు దాన్ని వాడటం తెలిసిన మనిషీ ఉండాలి. ‘కొంచెం పెడితే ఏం కాదులే’ అనే ప్రేమంటేనే నాకు భయం. పల్లీలు వేసే పులిహోర, గుత్తివంకాయ, చిక్కీ ఎలాగూ పెట్టకూడదు. పల్లీ చట్నీ గరిటెను పెరుగులో ముంచినా ప్రమాదమే. వేయించినంత మాత్రాన పల్లీలకున్న అలర్జీ తెచ్చే గుణం పోదు.

పొరపాటున పల్లీ తిని ఊపిరాడకపోయినా, గొంతు బొంగురుపోయినా, మగతగా వాలిపోయినా సెటిరిజిన్ సిరప్ పోసి చూస్తూ కూర్చోకూడదు. డాక్టర్ రాసిచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్‌ను వెంటనే తొడ బయటివైపు కండకు ఇచ్చి, 108కి ఫోన్ చేయాలి. పాపను పడుకోబెట్టాలి, ఆయాసముంటే కూర్చోబెట్టాలి; నడిపించొద్దు. తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టొచ్చు. ప్రయాణానికి ముందే అమ్మమ్మగారిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఇంజెక్షన్ ఇవ్వడం ఆవిడ చేత సాధన చేయించండి.