జవాబు తెలిసీ నోరు విప్పని పిల్లలు

అమ్మడూ,

ఏప్రిల్లో జపాన్ బడిలో ఇంగ్లిష్ చెప్పడానికి వెళ్తున్నావు కదా. అక్కడికి వెళ్ళిన కొత్త టీచర్లలో చాలామందిని మొదటి వారంలోనే కంగారుపెట్టే సంగతి ఒకటుంది. ముందే తెలిస్తే నయం.

టీచరు "వాట్ కలర్ డు యూ లైక్?" అని అడుగుతుంది. ఆరో తరగతి కుర్రాడు లేచి నిలబడతాడు. జవాబు రాదు. పక్కనున్న పిల్లతో ఏదో గుసగుసలాడతాడు, వెనక్కి తిరిగి ఇంకొకడి మొహం చూస్తాడు, తల గోక్కుంటాడు. చివరికి వినీ వినబడనట్టు "బురూ" అంటాడు. బ్లూ అన్నమాట. వీడికి ఇంగ్లిష్ రాదనో, పక్కవాళ్ళను చూసి కాపీ కొడుతున్నాడనో కొత్త టీచరు అనుకుంటుంది. తనకు ఏ రంగు ఇష్టమో చెప్పడానికి ఎవరి దగ్గర కాపీ కొడతాడు, పాపం? నలుగురూ ఏమంటారోనని చూసుకుంటున్నాడు, అంతే.

ఆ నలుగురికి అక్కడ అంత బరువు ఊరికే రాలేదు. జపాన్ ప్రాథమిక బళ్ళలో చాలాచోట్ల, లెక్కల క్లాసులో కూడా, జవాబు చెప్పిన పిల్ల తోటివాళ్ళ వైపు తిరిగి "దో దెసు కా?" (ఎలా ఉంది?) అని అడుగుతుంది. బాగుందనిపిస్తే క్లాసంతా ఒక్క గొంతుతో "ఈ దెసు!" అంటుంది. లేకపోతే "చిగైమాసు" అంటారు. తీర్పు ముందుగా వచ్చేది టీచరు నుంచి కాదు, ముప్పై మంది స్నేహితుల నుంచి. ఆ పిల్లలే మధ్యాహ్నం తెల్ల టోపీలు పెట్టుకుని, వంతులవారీగా ఒకరికొకరు అన్నం వడ్డించుకుంటారు. తమ గదిని తామే తుడుచుకుంటారు. 'హాన్' అని పిలిచే చిన్న జట్లుగా కూర్చుని పనులు పంచుకుంటారు.

తోటివాళ్ళ మాటకు ఈ బరువు బడికి రాకముందే మొదలవుతుంది. జోసెఫ్ టోబిన్, మరో ఇద్దరు పరిశోధకులు 1980లలో క్యోటోలోని ఒక శిశుశాలలో వీడియో తీశారు. ఆ అధ్యయనం 1989లో 'ప్రీస్కూల్ ఇన్ త్రీ కల్చర్స్' అనే పుస్తకంగా వచ్చింది. అందులో నాలుగేళ్ళ పిల్లాడొకడు తోటివాళ్ళను కొడతాడు, పాఠానికి వాడే అట్టముక్కలను పైనుంచి కిందికి విసిరేస్తాడు. పిల్లలు వచ్చి ఫిర్యాదు చేస్తే టీచరు వాడి జోలికే పోదు, మీరే ఏదో ఒకటి చెయ్యండని వాళ్ళను పంపేస్తుంది. అది చూసి అమెరికా టీచర్లు నిర్ఘాంతపోయారు. ఆ శిశుశాల వాళ్ళు మాత్రం కావాలనే అలా ఊరుకున్నామన్నారు. నలుగురిలో ఎలా మెలగాలో పెద్దలకంటే తోటిపిల్లలే బాగా నేర్పుతారని వాళ్ళ నమ్మకం.

అలాగని దీన్ని జపాన్ వాళ్ళ రక్తంలో ఉన్న గుణంగా జమకట్టేయకు. జర్మనీలో డేనియల్ హౌన్, మైకేల్ తొమసెల్లో నాలుగేళ్ళ పిల్లల మీదే ఒక ప్రయోగం చేసి 2011లో ప్రచురించారు. పిల్లలను నలుగురేసి కూర్చోబెట్టి, అందరివీ ఒకే రకం బొమ్మల పుస్తకాలని నమ్మించి, ఒకరికి మాత్రం కొన్ని బొమ్మలు తేడాగా ఉన్నది ఇచ్చారు. మిగతా ముగ్గురూ ఒక మాట చెప్పేసరికి, తన పేజీలో వేరే బొమ్మ కనబడుతున్నా చాలామంది వాళ్ళతోనే గొంతు కలిపారు. తోటివాళ్ళకు తెలియకుండా జవాబు ఇచ్చే వీలు కల్పిస్తే ఆ లొంగుబాటు తగ్గింది. అంటే జవాబు పిల్లల దగ్గరే ఉంది. ఎవరు వింటున్నారన్నదే తేడా.

2020 నుంచి జపాన్‌లో మూడు, నాలుగు తరగతులకు ఏడాదికి 35 పీరియడ్లు ఇంగ్లిష్ ఆటపాటలున్నాయి. ఐదు, ఆరు తరగతులకు వచ్చేసరికి 70 పీరియడ్లు, పాఠ్యపుస్తకం, గ్రేడ్లు. మూడో తరగతి పిల్లలు "హై! హై!" అంటూ కుర్చీలోంచి సగం లేచి మరీ చేతులెత్తుతారు. ఆరుకొచ్చేసరికి అవే చేతులు చెవి దాటి పైకి పోవు. తోటివాళ్ళ చూపులు గుచ్చుకోవడం మొదలయ్యే వయసులోనే గ్రేడ్లూ వచ్చిపడటం ఏ తెలివో మరి.

అన్నిటికంటే ఇబ్బంది 'కికొకు షిజో'లది. తండ్రి ఉద్యోగం వల్ల ఏ అమెరికాలోనో చదివి తిరిగొచ్చిన పిల్లలు వీళ్ళు. ఇంగ్లిష్ చక్కగా వచ్చు. అయినా క్లాసులో కావాలనే యాపిల్‌ను "అప్పురు" అంటారు. ఎప్పుడైనా ఒక పిల్ల సరిగ్గా పలికితే టీచరు మురిసిపోయి "చూశారా, ఎంత బాగా పలికిందో!" అందనుకో, ముప్పై తలలు అటు తిరుగుతాయి. ఇక ఆ నోట్లోంచి అప్పురు తప్ప మరొకటి రాదు. మన తెలుగు మీడియం బళ్ళలో మాత్రం? ఎవడైనా కాస్త స్టైల్‌గా ఇంగ్లిష్ పలికితే "దొరగారొచ్చార్రా" అనే వెనక బెంచీ నీకు తెలియనిదేం కాదు. అందుకని నలుగురిలో ఒక్కరినే పొగడొద్దు. క్లాసయ్యాక 'ఫురికాయెరి' కార్డు రాయిస్తారు, ఆ రోజు ఏం నేర్చుకున్నదీ పిల్లలు అందులో రాస్తారు. మెచ్చుకోలు దాని మీద రెండు ముక్కల్లో రాస్తే చాలు.

తోటివాళ్ళ ఈ ఒత్తిడితో కుస్తీ పట్టే టీచరు అలిసిపోతుంది. అనుభవమున్నవాళ్ళు దాన్నే పనిలో పెట్టుకుంటారు. ముందు క్లాసంతా కలిసి చెబుతుంది, తర్వాత వరసలు, తర్వాత జంటలు. ఒంటరి గొంతు అన్నిటికంటే ఆఖరున. జవాబు 'హాన్' తరఫున అడిగితే తప్పొచ్చినా ఒక్కడి పరువు పోదు. గుసగుసలకు అర నిమిషం టైమిస్తే అదే ప్రాక్టీసు. 'కరుతా' ఆటలో పిల్లలు చేతులు తల మీద పెట్టుకుని, మాట వినగానే బొమ్మ ముక్క మీద చరుస్తారు. ఇద్దరి చేతులూ ఒకేసారి పడితే 'జాంకెన్' వేసుకుంటారు. మన పిల్లలు పంటలు వేసుకున్నట్టే, దాని మాటకు ఎదురుండదు. ముందు ఎవరు మాట్లాడాలన్నదీ జాంకెన్‌కే వదిలేస్తే, ఓడి ముందు మాట్లాడినవాణ్ణి గొప్పలకు పోయాడని ఎవరూ అనరు.

చేరిన రోజే క్లాస్ టీచరును పట్టుకో. ఇంచుమించు అన్ని పాఠాలూ చెప్పేది ఆ ఒక్క మనిషే, పొద్దున్నుంచీ పిల్లలతోనే ఉంటారు. ఎవరు నవ్వితే క్లాసంతా నవ్వుతుందో వాళ్ళకు తెలుసు. కొత్త ఆట ఆ పిల్ల ఉన్న జట్టుతో మొదలుపెట్టు. పిల్లల పేర్లు పలికినట్టే రాసే హిరగానా లిపిలో ఉన్న సీటింగ్ చార్టు కూడా అడిగి తీసుకో. చైనా నుంచి వచ్చిన కంజి అక్షరాల్లో రాసిన పేర్లను జపాన్ వాళ్ళే ఒక్కోసారి తప్పు చదువుతారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ