కృత్రిమపు పోగులు: గుణములు, ఉపయోగములు, గుర్తించు విధానము

పోగు నెరుగక పడుగు వేయుట నేతగానికి ప్రమాదము. పూర్వము మన చేతికి వచ్చునవి ప్రత్తి, పట్టు, ఉన్ని మాత్రమే గనుక, వ్రేళ్లనడుమ నలిపి చూచిన చాలును. నేడు చిలపపై చీటీ ఒకటి చెప్పును, లోపలి పోగు మరియొకటి కావచ్చును. నష్టము మాత్రము మగ్గముమీద కూర్చున్నవానిదే. అందుచేత ఈ పోగుల స్వభావమును మన సభ్యులకు వివరింప దలచితిమి.

చెన్నపట్టణపు చరిత్రలో నేతకు పెద్ద చోటు కలదు. 1734లో, గవర్నరు జార్జి మార్టన్ పిట్ కాలమున, కూవము ఒడ్డున నేతవారి కొరకు ఒక పేటను కట్టించిరి. వడుకువారికి, నేతగాండ్రకు, అద్దకమువారికి అచ్చట స్థలము లిచ్చిరి. చిన్న తరిపేట, అనగా చిన్న మగ్గముల పేట, అన్నదే నేటి చింతాద్రిపేట. ఆనాటి నూలు ప్రత్తి నూలు. నేడు అదే నగరపు అంగళ్లలో ఆర్ట్ సిల్కు, సెమీ సిల్కు అను పేర్లతో అమ్ముడగు చీరలలో పట్టు లేకపోవచ్చును, లేక కొద్దిగా మాత్రమే ఉండవచ్చును. పేరు చూచి పోగును నిర్ణయింపరాదు.

రెండు జాతులు

మనిషి చేసిన పోగులన్నియు ఒకటి కావు. విస్కోసు రేయాన్ కలప గుజ్జునుండి వచ్చును. 1892లో ఇంగ్లండులో క్రాస్, బెవాన్, బీడిల్ అనువారు దీని పద్ధతిని కనుగొనిరి. దీని మూలద్రవ్యము ప్రత్తిలో నున్న సెల్యులోసే. నైలాన్, పాలియెస్టరు, ఆక్రిలిక్ అనునవి అట్లు గాక, ముఖ్యముగా ముడిచమురునుండి తీసిన రసాయనములతో చేయబడినవి. నైలాన్‌ను 1935లో అమెరికాలో వాలెస్ కెరోదర్స్ తయారుచేసెను. పాలియెస్టరును 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనుగొనిరి. టెరిలీన్ అన్నది దీని పేరే. ప్రత్తితో కలిపి నేసినది టెరికాట్.

తేమను పీల్చు గుణము

వీటిని పోల్చుటకు మొదట చూడవలసినది తేమ. గాలిలో తేమ 65 శాతముండగా, పూర్తిగా ఎండిన నూరు గ్రాముల విస్కోసు సుమారు 13 గ్రాముల తేమను పీల్చును. పట్టు 11, ప్రత్తి 8, నైలాన్ 4, ఆక్రిలిక్ ఒకటిన్నర గ్రాములు పీల్చును. పాలియెస్టరు అర గ్రాము కూడ పీల్చదు.

మనకు తెలిసిన అనేక విషయములకు కారణ మిదియే. సముద్రపు గాలి వీచు చెన్నైలో వేసవినాడు దట్టమైన పాలియెస్టరు చీర ఒంటికంటుకొని ఉక్కపోయును. ప్రత్తి చీర చెమటను పీల్చుకొనును. పాలియెస్టరు బట్ట ఉతికిన వెంటనే ఆరునన్నను, ముడుత పడదన్నను, రాపిడికి విద్యుత్తు పుట్టి దుమ్ము నాకర్షించునన్నను కారణ మదియే. అన్నపు గంజి ప్రత్తి పడుగునకు పట్టినట్లు దీనికి పట్టదు.

ఒక్కొక్కదాని తీరు

విస్కోసు మెత్తనిది, మెరుపుగలది, రంగును బాగుగ పట్టును. అయితే తడిసినపుడు దాని బలము దాదాపు సగమునకు తగ్గును. ప్రత్తికి తడిసిన బలము పెరుగును. కావున విస్కోసు బట్టను తడిగా గట్టిగా పిండరాదు.

నైలాన్ తేలికయైనది, రాపిడికి మిక్కిలి ఓర్చునది, నీటిలో కుళ్లనిది. కాశిమేడు రేవులో జాలరులు వలలకు దీనిని వాడుట అందుకే. తాళ్లకు, మేజోళ్లకు తగినది. ఎక్కువకాలము ఎండలో నున్న పసుపు బారి బలము తగ్గును.

పాలియెస్టరు గట్టిది, సాగనిది, పురుగు పట్టనిది. బడిపిల్లల దుస్తులకు, ప్రత్తితో కలిపిన చొక్కా గుడ్డలకు, కుట్టు దారమునకు అనుకూలము. ఆక్రిలిక్ ఉన్నివలె వెచ్చగా నుండి, ఎండకు బాగుగ నిలుచును. స్వెట్టర్లకు, దుప్పట్లకు తగును.

అద్దకమున కలుగు నష్టము

ప్రత్తికి వాడు రంగులు పాలియెస్టరునకు ఎక్కవు. దానికి డిస్పర్స్ రంగులు కావలెను. వాటిని మూసిన పాత్రలో ఒత్తిడితో సుమారు 130 డిగ్రీల వేడిమిలో ఎక్కింతురు. మన ఇండ్లలోని తెరచిన గంగాళములో నీరు నూరు డిగ్రీలు దాటదు. కావున ప్రత్తి చిలపలలో పాలియెస్టరు కలిసినచో ఆ పోగులు వెలవెలబోవును. విస్కోసు కలిసినచో అది రంగును ఎక్కువ తాగి ముదురు చారలు తేలును. బట్ట నేసిన పిదప దీనిని దిద్దుట సాధ్యము కాదు. ఇంటిల్లిపాది పడిన దినముల శ్రమ రెండవ రకపు ధరకు పోవును.

ఇంటివద్ద పరీక్షలు

పడుగు వేయుటకు ముందే ప్రతి కట్టనుండి కొన్ని పోగులు తీసి, పటకారుతో పట్టి, నీరు పోసిన పళ్లెముపైన, నూలుకు దూరముగా కాల్చి చూడవలెను. ప్రత్తి, విస్కోసు కాగితపు వాసనతో కాలి మెత్తని బూడిద యగును. పట్టు, ఉన్ని వెండ్రుకల వాసన కొట్టును. మిగిలిన నల్లని పూస వ్రేళ్లకు నలిగి పొడి యగును. పాలియెస్టరు నల్లని పొగతోను, నైలాన్ తక్కువ పొగతోను కరగి గట్టి పూస లగును, అవి నలుగవు. కరగిన బొట్టు చేతిపై పడిన అంటుకొని చర్మమును కాల్చును గనుక జాగ్రత్త అవసరము. ఈ కారణముచేతనే పొయ్యివద్ద ఇట్టి చీరలు కట్టవలదని మన స్త్రీలకు చెప్పవలెను.

ప్రత్తిని, విస్కోసును నిప్పు వేరుచేయదు. అప్పుడు పోగును నడుమ ఒకచోట తడిపి రెండు కొనలు లాగవలెను. తడిచోట తెగినచో విస్కోసు, పొడిచోట తెగినచో ప్రత్తి అని సాధారణముగా ఎంచవచ్చును. పడుగును, పేకను, జరీని వేర్వేరుగా పరీక్షింపవలెను. అసలు జరీలో పట్టు దారముపై వెండి తీగె చుట్టి బంగారు పూత పూయుదురు. చౌక జరీలో పాలియెస్టరు పొర ఉండును, అది మంటకు ముడుచుకొని కరగును. మిశ్రమముల పాళ్లు మాత్రము ఇంటి పరీక్షకు తేలవు. వాటిని ప్రయోగశాలకు పంపవలెను.

పేరు దాచరాదు

మేము కృత్రిమపు పోగునకు విరోధులము కాము. చౌకధరలో కట్టుకొనుటకు గట్టి బట్ట కావలసినవారికి అది మేలే చేసినది. దానిని పట్టని అమ్ముటయే దోషము. ఒకసారి మోసపోయిన గిరాకీదారు నిజమైన పట్టునుకూడ నమ్మడు. ఆ అపనమ్మకము కష్టపడి నేసినవాని కూలిని తినివేయును. స్వచ్ఛమైన పట్టును తెలుపు సిల్క్ మార్కు 2004లోను, చేతిమగ్గపు నేతను తెలుపు హ్యాండ్‌లూమ్ మార్కు 2006లోను వచ్చినవి. మొదటిది పోగును గూర్చి, రెండవది నేతను గూర్చి చెప్పును. ఒకదానిని చూపి రెండవది ఉన్నదనరాదు.

ప్రతి సంఘమును తెలిసిన పోగుల నమూనాలను ఒక అట్టపై కుట్టి, ప్రక్కనే వాటి బూడిదను, పూసను అంటించి కార్యాలయములో ఉంచవలెనని మా సూచన. నూలు కొనునప్పుడు బిల్లుపై పోగు పేరు వ్రాయించుకొనవలెను. బట్ట అమ్మునప్పుడు ఆ పేరే మనమును చీటీపై వ్రాయవలెను.