బి అంటే బర్సా

తణుకు,
ఆదివారం.

చిరంజీవి చిట్టితల్లికి,

 

మొన్న ఫోన్‌లో "బోన్ మ్యారోలో పుడుతుంది కాబట్టే బి కణం" అన్నావు. మన ఒంట్లో యాంటీబాడీలు తయారుచేసే ఆ కణం ఎముక మజ్జలో పుట్టే మాట నిజమే. ఆ అక్షరం మాత్రం కోడి ఇచ్చింది. ముప్పై ఏళ్లు కోళ్లకు వైద్యం చేసినవాణ్ని, ఈ సంగతి నీకు నేనే చెప్పాలి.

కోడికి రెట్ట వచ్చే దారి పైన చిన్న సంచి ఉంటుంది. ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫాబ్రిషియస్ పేరు మీద దాన్ని ఫాబ్రిషియస్ బర్సా అంటాం. మూడు వందల ఏళ్లకు పైగా దాని పేరే తెలుసు, పని తెలియదు. 1950లలో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి 'ఇదేం పని చేస్తుంది?' అని అడిగాడు. బర్సా తీసేసిన కోడిపిల్లలను పెంచాడు. తేడా ఏమీ కనబడలేదు. తోటి విద్యార్థి తిమోతీ చాంగ్ పాఠంలో చూపించడానికి ఆ కోళ్లనే తీసుకెళ్లి సాల్మొనెల్లా ఎక్కిస్తే, చాలావాటికి యాంటీబాడీలే రాలేదు! 1956లో ఈ సంగతి 'పౌల్ట్రీ సైన్స్' పత్రికలో వ్యాసంగా అచ్చయింది.

1961లో లండన్‌లో జాక్ మిల్లర్, ఎందుకూ పనికిరాదనుకున్న థైమస్ గ్రంథిని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో తీసేశాడు. అవి పరాయి ఎలుక చర్మాన్ని అతికించినా తిప్పికొట్టలేకపోయాయి. 1965లో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ మళ్లీ కోళ్లలోనే చూసి, ఈ రెండు చోట్ల ఎదిగే కణాలు వేరు వేరు సేనలని తేల్చారు. థైమస్‌లో ఎదిగేది టి, బర్సాలో ఎదిగేది బి.

మనకు బర్సా లేదు, ఆ పని మజ్జదే. ప్రతి బి కణమూ తన జన్యు ముక్కలను పేక కలిపినట్టు కలిపి ఒక గ్రాహకం తయారుచేసుకుంటుంది. అది సొంత ఒంటినే పట్టుకుంటే, ముక్కలు మళ్లీ కలుపుకునే అవకాశం దొరుకుతుంది. అప్పటికీ కుదరకపోతే చావే. మిగిలినవి ప్లీహానికి వెళ్లి పరిణతి చెందుతాయి. టి కణం మజ్జలో మొదలై, రొమ్ము ఎముక వెనకున్న థైమస్‌కు చేరుతుంది. అక్కడ రెండు పరీక్షలు: మన కణాల మీది ముద్రను గుర్తుపట్టాలి, మన మీదే తిరగబడకూడదు. క్లోమంలో తయారయ్యే ఇన్సులిన్‌ను సైతం అక్కడే చూపించి పరీక్షిస్తారు. నూటికి ఐదు కూడా బయటికి రావు. ఆ కాఠిన్యమే మనకు రక్ష.

తల్లీ, నా గుండెలో ఉన్న మాట ఒకటి. ఉద్యోగం కొత్తలో ఒక ఫారంలో టీకా వేశాక కూడా కొక్కెర తెగులుతో కోళ్లు రాలిపోయాయి. ఐసు కరిగి టీకా పాడైందనుకుని, వేసిన కుర్రాణ్ని రైతు ముందే కేకలేశాను. తర్వాత చచ్చిన కోళ్లను కోసి చూస్తే బర్సా ఎండిన తొక్కలా ఉంది. పసితనంలోనే గంబోరో తెగులు సోకి, బి కణాలు ఎదిగే చోటునే తినేసింది. ఇక టీకా ఎవరికి పాఠం చెప్పాలి? బర్సా బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే, దాని పని మాత్రం సమయానికి తలచుకోలేదు. ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పాను గానీ, ఆ రోజు వాడి ముఖం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

నువ్వు రేపు మనుషులకు వైద్యం చేస్తావు. పేరు నేర్చుకున్నచోట ఆగకు, పని అడుగు. సెలవులకు రా, కోడిపిల్లలో బర్సా చూపిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య