అద్దె ఇల్లు కొనే ముందు

ఇల్లు కొని అద్దెకిచ్చి, ఆ రాబడితో భార్యాబిడ్డలను పోషించుకోవడం ధర్మసమ్మతమైన సంపాదనే. అయితే ఎలాంటి పేటలో కొనాలి? చవకగా దొరికే చోటా, పేరున్న కాలనీలోనా? సోదరులారా! ధర కన్నా ముందు మూడు విషయాలు చూడాలి.

మొదటిది హక్కు. భద్రాచలం షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన తర్వాత, అక్కడి స్థిరాస్తిని గిరిజనేతరుడు మరో గిరిజనేతరుని నుంచి కొన్నా చెల్లదు. తాకట్టు, లీజు, దానం కూడా అంతే. వడ్డీ వ్యాపారుల చేతుల్లో అడవిబిడ్డలు భూములు పోగొట్టుకున్నందునే ఈ చట్టం వచ్చింది. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. తెల్లకాగితం మీద రాసుకుని, లేదా గిరిజనుని పేరు అడ్డుపెట్టుకుని కొనేవారు "అందరూ చేస్తున్నదే కదా!" అంటారు. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. అందరూ చేసినంత మాత్రాన అధర్మం ధర్మమైపోదు. ఖమ్మం పట్టణం ఈ నిబంధనల పరిధిలో లేదు. అయినా అక్కడ సైతం దస్తావేజులు పరిశీలించి తీరాలి.

రెండవది భద్రత. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 53 అడుగులకు మూడవది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఖమ్మంలోని ఏటి ఒడ్డు కాలనీలు మునిగాయి. అలాంటి చోట ఇల్లు చవకే. కానీ నీళ్లలో నిలబడేది అద్దెకున్న కుటుంబం, యజమాని కాదు. లోపం దాచి బేరమాడటం మోసం. అద్దె అనేది నివాస ప్రయోజనానికి ప్రతిఫలం. ఇల్లు నివాసయోగ్యం కాని రోజులకు అద్దె వసూలు చేయడం న్యాయం కాదు.

మూడవది పొరుగు. మంచి పొరుగువాడు మనిషి సౌభాగ్యాలలో ఒకడని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సెలవిచ్చారు. మనకు కోరుకునేదే అద్దెవారికీ కోరాలి. బడి, మస్జిద్, మంచినీరు దగ్గరుండాలి. పేదల పేట అన్నంత మాత్రాన వదులుకోనక్కరలేదు. అక్కడ అద్దె ఆలస్యం కావచ్చు. ఇబ్బందిలో ఉన్న బాకీదారునికి గడువివ్వమని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తోంది. ఆ ఓర్పు ఉన్నవారే అక్కడ కొనాలి.

హక్కు నిక్కమైనది, ఇల్లు క్షేమమైనది అయితే రాబడి కొంచెమైనా అందులో శుభం ఉంటుంది. అల్లాహ్ మనకు ధర్మసమ్మతమైన ఉపాధిని ప్రసాదించుగాక! ఆమీన్.